ఫ్యాను ఇచ్చినవారు, కరెంటు బిల్లు కట్టేవారు

(అయ్యంకి వెంకట రమణయ్య స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



మన ఊళ్లలో ఏ గ్రంథాలయంలోకో వృద్ధాశ్రమంలోకో వెళ్లి తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద పెయింటుతో రాసిన పేర్లు కనబడతాయి. కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు, అని. బీరువా తలుపు మీదా, సిమెంటు బెంచీ వీపు మీదా, మంచినీళ్ల కూలరు మీదా అలాంటి పేర్లే. గోడలో పొదిగిన చలువరాతి మీద భవనదాతల జాబితా ఉంటుంది, ఎవరెంత ఇచ్చారో అంకెలతో సహా. సంస్థ ఆస్తిలో దాదాపు ప్రతి వస్తువుకూ ఒక దాత ఉన్నారు. జమాఖర్చుల పుస్తకం తెరిస్తే మాత్రం కరెంటు బిల్లుకు దాత లేరు, ఊడ్చే మనిషి జీతానికి లేరు, ఆడిటరు ఫీజుకు అసలే లేరు. డెబ్బై అయిదు వాట్ల ఫ్యాను రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే ఏడాదికి 219 యూనిట్లు కాలుస్తుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 1,752 రూపాయలు. ఫ్యాను ఖరీదు 2,500 అనుకుంటే, ఏడాదిన్నర తిరిగేసరికి బిల్లు కట్టినవారు ఫ్యాను ఇచ్చినవారికంటే ఎక్కువే ఇచ్చి ఉంటారు. వారి పేరు ఏ రెక్క మీదా ఉండదు. చాలాచోట్ల ఆ కట్టేది సంస్థ కార్యదర్శే. చేతి చమురు భాగవతం. ఆయన ఓపిక ఉన్నన్నాళ్లు ఆట సాగుతుంది.

ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. చిన్న సంస్థ ఎంతకాలం నిలుస్తుందన్నది దానికి మొత్తం ఎంత డబ్బు వచ్చిందన్నదాన్ని బట్టి తేలదు. నెలనెలా తప్పని మామూలు ఖర్చును ఎవరు, ఎంతమంది, ఏ షరతూ లేకుండా భరిస్తున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ ఖర్చు చాలామంది చిన్నదాతల మీద, సంస్థ సేవను వాడుకునేవారి మీద, కొంత సొంత నిధి మీద ఆనాలి. పెద్ద గ్రాంటు వస్తే కొత్త పనికి వాడుకోవాలి గానీ పాత పనికి ఊపిరి దాని చేతిలో పెట్టకూడదు. వినడానికి ఇది అందరికీ తెలిసిన విషయంలాగే ఉంటుంది. ఆచరణలో మాత్రం మన సంస్థల్లో అత్యధికం దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నాయి. అలా నడవడానికి కారణాలున్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవి కూడా. అందుకే ఈ విషయాన్ని వాదించి నిలబెట్టాల్సి వస్తోంది.

గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వారి పేరిట జరిగే సభ కనక ముందు ఆ ఉద్యమాన్నే సాక్ష్యానికి పిలుద్దాం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం. వీటి వెనక మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటి పెద్దదాతలు లేకపోలేదు. కానీ ఒక్క జమీందారు ఇచ్చిన డబ్బుతో ఊరూరా గ్రంథాలయాలు లేవవు. విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాలకు చందాదారులుండేవారు. ముందే సొమ్ము కట్టి, రాబోయే పుస్తకం కోసం ఎదురుచూసే పాఠకులన్నమాట. ఊరి గ్రంథాలయాలకు సభ్యత్వ రుసుములు, స్థానిక విరాళాలు ఉండేవి. పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఆ ఘనత గురించి చెప్పుకునేటప్పుడు మనకు పడవా, అందులో పుస్తకాలూ కళ్లకు కడతాయి. పడవ సంపాదించడం ఒకసారి అయ్యే ఖర్చు, దాన్ని నడపడం ప్రతి ప్రయాణానికీ అయ్యే ఖర్చు. రెండోదాన్ని ఎలా సమకూర్చుకున్నారన్నదే అసలు చరిత్ర. మన సంస్థల స్వర్ణోత్సవ సంచికల్లో సరిగ్గా ఆ పేజీయే ఉండదు. భవన ప్రారంభోత్సవం ఫొటో ఉంటుంది, అతిథుల మెడల్లో దండలు ఉంటాయి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. గ్రంథాలయం, బడి, ఆసుపత్రి ప్రభుత్వం నడపాల్సినవి కదా, ఊళ్లో చందాలెత్తడం ఆ బాధ్యతను ప్రభుత్వం భుజాల మీంచి దించడం కాదా, అని. అయ్యంకి తరం ఈ అభ్యంతరాన్ని మనకంటే గట్టిగా చెప్పింది. గ్రంథాలయానికి చట్టం కావాలని పోరాడింది. 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. ఇప్పుడు ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలుగా ఉన్న గ్రంథాలయ సెస్సు అలా పుట్టింది. ఒక లాభాపేక్షలేని పనికి ఇంతకంటే స్థిరమైన ఆదాయం ఊహించలేం. ఏటా వస్తుంది, ఇళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది, ఎవరి దయా అక్కర్లేదు. అయినా స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం దశాబ్దాలుగా పత్రికల్లో వస్తున్న వార్తే. ఆ డబ్బు కట్టినది మనమే. కానీ ఇంటిపన్ను రసీదులో ఆ వరుస చూసి, నా ఎనిమిది పైసలు ఎక్కడికి పోయాయని అడిగేవారు ఎంతమంది? చందా కట్టిన సభ్యుడు సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడతాడు, సెస్సు కట్టిన పౌరుడికి తాను కట్టినట్టే తెలియదు. కాబట్టి ప్రభుత్వం బాధ్యత ప్రభుత్వానిదే అని ఒప్పుకుంటూనే, అడిగే హక్కు తమకుందని తెలిసిన మనుషులు లేనిచోట చట్టం ఇచ్చిన డబ్బు కూడా దారిలో ఆగిపోతుందని గుర్తుపెట్టుకోవాలి.

ఒకే చేతి మీద ఆధారపడితే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ తప్పుడు లెక్కల వ్యవహారం బయటపడినప్పుడు, ఆ కంపెనీ వ్యవస్థాపకుల కుటుంబమే స్థాపించిన రెండు సేవాసంస్థల మీద ఆ దెబ్బ వేర్వేరుగా పడింది. 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఆగలేదు. అప్పటికే దాని నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వ ఖజానా నుంచి వస్తోంది, నిర్వహణకు మరో పారిశ్రామిక సంస్థ ముందుకొచ్చింది. గ్రామాల్లో ఆరోగ్యం, విద్య, తాగునీటి పనులు చేస్తున్న బైర్రాజు ఫౌండేషన్ మాత్రం ప్రధానంగా ఆ కుటుంబం ఇచ్చే నిధుల మీద నడిచింది గనక తన కార్యక్రమాలు కుదించుకోవలసి వచ్చింది. అక్కడ పనిచేసినవారి నిబద్ధతలో లోపం లేదు, గ్రామాల అవసరమూ తగ్గలేదు. ఎక్కడో హైదరాబాదులో ఒక కంపెనీ పుస్తకాల్లో జరిగినదానికి పల్లెలో కార్యక్రమం మూల్యం చెల్లించింది.

ఇప్పుడు పెద్ద డబ్బు రెండు తోవల్లో వస్తోంది, రెంటికీ చట్టం గేట్లు పెట్టింది. కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. మనవాళ్లు సీఎస్‌ఆర్ అనేది దీన్నే. ఆ డబ్బు ప్రాజెక్టుకు వస్తుంది, గడువుతో వస్తుంది, కంపెనీ ఉన్న ప్రాంతానికి మొగ్గుచూపుతుంది. అన్నిటికంటే ముఖ్యం, 2021 నుంచి దాన్ని ఏ సంస్థ కార్పస్‌కూ జమచేయడానికి వీల్లేదు. అంటే అది ఎంత పెద్దదైనా సంస్థకు మూలనిధిగా మిగలదు. కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాల సాధారణ నిర్వహణకు 5 శాతం మించి రాసుకోకూడదన్న నిబంధన ఒకటుంది. అది కంపెనీ మీద పెట్టిన పరిమితి. దాన్నే కొలబద్దగా తీసుకుని, పనిచేసే సంస్థ ఆఫీసు ఖర్చూ 5 శాతం దాటకూడదని పట్టుబట్టేవారు తక్కువేమీ కాదు. రెండో తోవ విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తర్వాత అందులో పాలనా వ్యయ పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది, ఒక సంస్థ మరో సంస్థకు ఆ డబ్బు బదలాయించడం ఆగిపోయింది, ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి. పెద్ద సంస్థ తెచ్చి పంచితే బతికే చిన్న సంస్థకు ఆ బదలాయింపు నిషేధమే గొడ్డలిపెట్టు.

అమెరికాలో మన ఊరి పిల్లలున్నారు కదా, వాళ్లు పంపితే చాలదా అని ప్రతి సంస్థలోనూ ఎవరో ఒకరు అంటారు. ఇక్కడ చాలామంది కాలు జారుతున్నారు. భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అతని పక్కింట్లోనే ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు పంపితే విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషను ఉండాలి, అది రావాలంటే సంస్థకు మూడేళ్ల వయసూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చూ చూపాలి. ఏడాదికి మూడు లక్షలతో నడిచే పఠనమందిరానికి ఆ గుమ్మం ఎత్తు ఎక్కువ. మంచి మనసుతో పంపిన ఐదువందల డాలర్లు మంచి మనసుతోనే పాస్‌బుక్కులో జమచేసుకుని, తర్వాత సంజాయిషీ రాసుకునే స్థితి ఎవరికీ రాకూడదు.

నిర్వహణ ఖర్చంటే దాతలకు ఎందుకంత బెదురు? నా డబ్బు నేరుగా పేదవాడికి చేరాలి, జీతాలకూ అద్దెలకూ పోకూడదు, అన్న కోరిక సహజమైనదే. సేవ పేరుతో కార్లు కొనుక్కున్నవారిని జనం చూశారు. కానీ దొంగతనాన్ని శాతాలతో పట్టుకోలేం. జీతాల పద్దు 5 శాతం దాటకూడదన్నారనుకోండి, నిజాయితీగల సంస్థ మనిషిని తీసేస్తుంది, నిజాయితీ లేని సంస్థ ఆ జీతాన్ని శిక్షణ తరగతుల పద్దులో రాస్తుంది. పరిమితి వల్ల రెండోవాడికి నష్టం లేదు, మొదటివాడికి అబద్ధం నేర్పినట్టవుతుంది. బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహాసంస్థ మనదేశంలోని పేరున్న 40 స్వచ్ఛంద సంస్థల లెక్కలు పరిశీలిస్తే వాటి అసలు పరోక్ష ఖర్చులు 5 శాతం నుంచి 51 శాతం దాకా ఉన్నాయని తేలింది. పనిని బట్టి ఖర్చు మారుతుంది. దుప్పట్లు పంచే సంస్థకు గోదాము చాలు, బడి మానేసిన ఆడపిల్ల ఇంటికి పదిసార్లు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడే సంస్థకు మనిషి కావాలి. ఆ మనిషి జీతమే ఆ సేవ. దాతకు నిజంగా కాపలా కావాలంటే అడగాల్సింది వేరు: ఆడిట్ అయిన లెక్కలు గోడ మీద అంటించారా, కమిటీలో ఒకే ఇంటివాళ్లు ఎంతమంది, చెక్కు మీద ఎన్ని సంతకాలు పడాలి.

మామూలు ఖర్చుకు మనవాళ్లు ఇవ్వరన్నది అనుభవంతో తేలిన సత్యంలా చెలామణీ అవుతోంది. అది నిజమే అయితే మన గుళ్లలో నిత్యాన్నదానం జరగకూడదు. అన్నానికి మించిన రోజువారీ ఖర్చు ఏముంది? మధ్యాహ్నం వండితే సాయంత్రానికి ఆనవాలు ఉండదు, పేరు రాసుకోవడానికి రెక్క కూడా మిగలదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం దాతల నిధి మీద వచ్చే వడ్డీతో, విరాళాలతో ఇంత పెద్దదైంది. చిన్న ఊళ్ల గుళ్లలోనూ శాశ్వత అన్నదాన పథకం బోర్డు కనబడుతుంది. ఇంత కడితే ఏటా మీరు కోరిన తేదీన, మీవారి పేరున, అని. తండ్రి తద్దినమో మనవరాలి పుట్టినరోజో ఆ తేదీ. దాతకు కావలసిన జ్ఞాపకమూ, సంస్థకు కావలసిన రోజు గడవడమూ అక్కడ ఒకే రసీదులో కుదిరాయి. గుడికి పుణ్యం ఉంది, మీకేముందని అడగవచ్చు. పుణ్యం మాట నిజమే, దాన్ని గ్రంథాలయం ఇవ్వలేదు. కానీ ఆ పథకంలో పుణ్యం పాలు ఎంతో, తేదీ పాలు ఎంతో ఎవరూ విడదీసి చూడలేదు. ఫ్యాను దాత కోరుకున్నదీ జ్ఞాపకమే గదా. ఆయనకు మనం ఫ్యాను తప్ప మరో వస్తువు చూపించలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఓ మోస్తరు ఊళ్లో పఠనమందిరం, పిల్లలకు సాయంత్రం చదువు. చూసుకునే మనిషికి నెలకు 12,000, ఊడ్చి తుడిచే ఆవిడకు 3,000, కరెంటుకు 2,000, పత్రికలకు 2,500, కొత్త పుస్తకాలకు 4,000, మరమ్మతులకు 2,500, ఆడిటు, ఫోను, తపాలాకు 2,000. మొత్తం 28,000. నిల్వకు మరో 2,000 కలిపితే 30,000. ఏడాదికి మూడు లక్షల అరవై వేలు, రోజుకు వెయ్యి రూపాయల లోపు. దీన్ని వడ్డీతోనే నడపాలంటే ఏడు శాతం చొప్పున యాభై లక్షల పైచిలుకు మూలనిధి కావాలి, పైగా ధరలు పెరుగుతుంటే ఆ వడ్డీ ఏటికేడు చిక్కిపోతుంది. ఒక్క కంపెనీని అడిగితే మూడేళ్లు ఇచ్చి వెళ్లిపోతుంది. అదే, ఒక్కో కుటుంబం ఏడాదిలో ఒక్క రోజు ఖర్చు వెయ్యి రూపాయలు పెట్టుకుంటే 365 కుటుంబాలు చాలు. పదివేల జనాభా ఉన్న ఊళ్లో రెండున్నర వేల ఇళ్లుంటాయి. ఏడిళ్లకు ఒకటి. ఊరు విడిచి హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడినవారిని కలుపుకుంటే ఇంకా సులువు. నలుగురు మానేస్తే నాలుగు రోజులు ఖాళీ పడతాయి గానీ తలుపు మూయనక్కర్లేదు.

కాగితం మీద ఎంత తేలికో ఊళ్లో అంత తేలిక కాదని నాకూ తెలుసు. 365 మందిలో రెండో ఏడు వందమంది జారిపోతారు. వాళ్లకు నెల ముందు ఫోను చేయాలి, ఆ రోజు బోర్డు మీద సుద్దముక్కతో పేరు రాయాలి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి, రసీదు ఇవ్వాలి. దాతలకు పన్ను మినహాయింపు లభించే అనుమతి ఉన్న సంస్థయితే ఏడాది చివర దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. రెండు వేలు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదని ముందే చెప్పాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపే లేదు, 2023-24 నుంచి ఎవరూ వేరే కోరుకోకపోతే వర్తించేది అదే. కాబట్టి పన్ను మిగులుతుందని ఆశచూపి విరాళం అడిగే రోజులు వెళ్లిపోయాయి. ఇదంతా ఒక మనిషి చేసే పని, ఆ మనిషికి జీతం ఇవ్వాలి. పైన రాసిన పన్నెండువేలలో సగం పని దాతల రిజిస్టరే అన్నా తప్పులేదు. స్వచ్ఛందంగా ఎవరో చేస్తారులే అనుకుంటే మొదటి ఏడు దాటదు. స్వచ్ఛంద సేవ పండగకు పనికొస్తుంది, ప్రతి సోమవారానికీ దాన్ని నమ్ముకోలేం.

పేదల మధ్య పనిచేసే సంస్థ ఎవరిని అడగాలి? ఈ అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. తొంభైల్లో సారా వ్యతిరేకోద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేశారు. తమదనుకున్నచోట, లెక్క అందరిముందూ చదివేచోట పేదలు డబ్బు తీస్తారని ఆ రూపాయి చెబుతుంది. అయితే పొదుపు వేరు, విరాళం వేరు. పొదుపు తిరిగొస్తుంది. కనక దాన్ని చూపించి పేదల దగ్గర చందాలెత్తమనడం లేదు. సేవను బట్టి చిన్న రుసుము పెట్టవచ్చు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి లాభాపేక్ష లేకుండానే పుస్తకాలు వేసింది, వాటికి ధర పెట్టి అమ్మింది. మదురైలో 1976లో పదకొండు పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, డబ్బు కట్టగలిగిన రోగుల ఆదాయంతో కట్టలేనివారికి వైద్యం చేసింది. రుసుముతో మరో మేలుంది. ఉచితంగా ఇచ్చేదాని నాణ్యత గురించి తీసుకునేవారు నోరెత్తరు. ఐదు రూపాయలు కట్టినావిడ, పుస్తకం అట్ట ఊడింది చూడండని అడుగుతుంది.

రుసుముకూ చందాకూ లొంగని పని ఒకటి మిగులుతుంది. ఎం.వి. ఫౌండేషన్ తొంభైల్లో రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో ఉన్న పిల్లల్ని విడిపించి బడికి పంపింది. ఆ పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములనే ఏడాదికో వెయ్యి ఇవ్వండని అడగగలమా? ఊరి డబ్బుకు ఊరి పెత్తనం అంటుకుని ఉంటుంది, కులం కూడా. దళితవాడలో బడి నడిపేవారికి, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఆశ్రయం ఇచ్చేవారికి బయటి డబ్బు తప్పదు. ఇక్కడ నా వాదన వెనక్కి తగ్గాలి, తగ్గుతోంది. కానీ పూర్తిగా కాదు. స్థానికమన్న మాట వదిలేద్దాం, చాలామంది అన్న మాట వదలనక్కర్లేదు. నలభై ఊళ్లలోని ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు నెలకు వంద చొప్పున ఇచ్చే డబ్బు కూడా బయటి డబ్బే. దాన్ని ఏ ఆసామీ ఫోను చేసి ఆపించలేడు. పెద్ద గ్రాంటును ఎవరైనా ఆపించగలరు.

చివరగా నిల్వ సంగతి. ధర్మసంస్థ చేతిలో డబ్బు మిగలకూడదనీ, మిగిలితే పని చేయనట్టేననీ ఒక అభిప్రాయం ఉంది. ఆదాయపు పన్ను చట్టమూ కొంత అటే మొగ్గుతుంది. ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చుపెట్టాలంటుంది. కానీ మిగతా 15 శాతం ఉంచుకోమనీ అదే చట్టం చెప్పింది. ఇంకా కావాలంటే ఫలానా పని కోసమని ముందే తెలియజేసి ఐదేళ్ల దాకా కూడబెట్టవచ్చు. మూలనిధికని దాత రాతపూర్వకంగా ఇచ్చినది చట్టం చెప్పిన పెట్టుబడుల్లో ఉంచితే ఆ 85 శాతం లెక్కలోకే రాదు. చాలా సంస్థలు ఈ వెసులుబాటు వాడుకోవు, కారణం రసీదు పుస్తకమే. అందులో దాత పేరు, రూపాయలు, అక్షరాలా, సంతకం తప్ప మరో గడి ఉండదు. దాత మనసులో మూలనిధి ఉన్నా కాగితం మీద మామూలు విరాళమే అవుతుంది. కొత్త పుస్తకం అచ్చువేయించేటప్పుడు రెండు గడులు చేర్చాలి: ఒకటి మూలనిధికి, రెండోది నిర్వహణకు, అది ఏ తేదీ కోసమో రాయడానికి కొంత ఖాళీతో. అచ్చుకూలి ఎంతో పెరగదు. ఆరునెలల ఖర్చు నిల్వ చేరేదాకా కొత్త కార్యక్రమం ఏదీ మొదలుపెట్టబోమని కమిటీ ఒక తీర్మానం రాసుకోవాలి. శంకుస్థాపనలకు ఉత్సాహపడే సభ్యులు దానికి అడ్డుపడతారు, పడనివ్వండి. వారి పేరు మీద ఒక మంగళవారం రాసుకోమని అక్కడే అడగవచ్చు.